తడిసిన ధాన్యం - కడిగిన బండి

కొన్ని నెలల క్రితం ఒక సాయంత్రం గవర్నర్‌పేటలో మగ్రిబ్ నమాజు ముగించుకుని బయటకు వస్తుంటే ఒక యువకుడు సలాం చేసి నన్ను ఆపాడు. "హజ్రత్! ఒక మసలా అడగాలి" అన్నాడు. గుమ్మం ముందు అతని మోటార్ సైకిల్ నిలబెట్టి ఉంది. వీధి దీపం వెలుగులో దాని ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. చక్రాల ఊచలు కూడా ఒక్కొక్కటిగా తుడిచినట్టున్నాయి. కొత్త బండి కొన్నావా అని అడిగాను. అతను తల వంచుకుని నవ్వాడు.

అది కొత్త బండి కాదు. అతని ఇల్లు సింగ్‌నగర్‌లో ఉంది. 2024 సెప్టెంబర్ వరదలో ఆ బండి హ్యాండిల్ దాకా మునిగి నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. తర్వాత బాగు చేయించాడు, ఏడాదిపాటు నడిపాడు. ఇప్పుడు ఇంట్లో అవసరం వచ్చింది, అమ్మాలనుకుంటున్నాడు. బండి శుభ్రంగా కడిగించి, పాలిష్ పెట్టించాడు. కొనేవాళ్లు వస్తున్నారు. "వరద మాట ఎత్తావంటే సగం రేటుకు కూడా ఎవడూ అడగడు" అని స్నేహితులు హెచ్చరించారు.

అతని ప్రశ్న ఇది: "వాళ్లు అడగడం లేదు హజ్రత్. అడగనిది నేను చెప్పి తీరాలా? బండి నడుస్తోంది. నేను కడిగి శుభ్రం చేశానంతే. శుభ్రం చేయడం కూడా తప్పవుతుందా?"

ఆ పూట అతనికి ధర్మశాస్త్రం చెప్పేది క్లుప్తంగా చెప్పి పంపాను. కానీ చివరి మాట నన్ను వదల్లేదు. శుభ్రం చేయడం తప్పవుతుందా? మనలో చాలామంది ఇళ్ల ముందు ఒక బండి ఉంటుంది. దాన్ని కడుగుతాం, తుడుస్తాం, నడుపుతాం, ఎప్పుడో ఒకనాడు అమ్ముతాం. ఈ పనులన్నిటిలో మన విశ్వాసానికి పరీక్ష ఎక్కడ ఉంది? దీని గురించి ఈ నెల మనం కలిసి ఆలోచిద్దాం.

నీళ్లు పోయాక ఏం మిగిలింది?

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. 2024 ఆగస్టు 31న మొదలైన కుండపోత వానలకు బుడమేరు పొంగింది. సెప్టెంబర్ 1న సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీట మునిగాయి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణానది ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బుడమేరు గండ్లు పూడ్చేసరికి సెప్టెంబర్ 7 వచ్చింది. కొన్ని వీధుల్లో వారానికి పైగా నీళ్లు నిలిచాయి. ఇళ్ల ముందు పెట్టిన మోటార్ సైకిళ్లు నిలబడ్డచోటే మునిగిపోయాయి. ఆ తర్వాత బాధితులకు ప్రకటించిన సాయంలో దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి ఇచ్చింది 3,000 రూపాయలు. ఆ డబ్బు ఎందుకు చాలదో ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు.

మునిగిన బండిని చూసిన వెంటనే కిక్కు కొట్టకూడదని అనుభవమున్నవాళ్లు అంటారు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని ఇంజిన్ నొక్కగలదు. నీటిని నొక్కడం దాని తరం కాదు. సిలిండర్‌లో నీళ్లుండగా బలవంతంగా నడిపితే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాబట్టి ముందు ప్లగ్గు విప్పి నీళ్లు బయటకు పోనివ్వాలి. పాలలా తెల్లబారిన ఆయిల్‌ను దించేయాలి. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు మార్చాలి. ట్యాంకు, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు డ్రమ్ములు అన్నీ విప్పి శుభ్రం చేయాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 బండ్లలో పెట్రోలు సరఫరాను చాలావరకు ఎలక్ట్రానిక్ పెట్టె నడిపిస్తుంది గనుక దాన్నీ చూడాలి.

ఇదంతా చేశాక బండి స్టార్టవుతుంది. కానీ చక్రాల బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోయి లోపల సన్నగా తుప్పు మొదలై ఉండవచ్చు. వైర్ల జాయింట్లలో పట్టిన పచ్చని చిలుము నెలల తర్వాత ఒక రాత్రి హెడ్‌లైటును ఆర్పేయవచ్చు. ఇవి ట్యాంకు మీద కనబడవు. కొనేవాడు సందు చివరిదాకా నడిపి చూసినా తెలియవు. అమ్మేవాడికి మాత్రం తెలుసు.

కుప్పలో చేయి పెట్టిన ప్రవక్త (స)

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) బజారులో వెళుతూ ఒక ధాన్యం కుప్ప దగ్గర ఆగారు. కుప్ప లోపలికి చేయి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వాన పడి తడిసిందని ఆ వ్యాపారి చెప్పుకున్నాడు. అలాంటప్పుడు జనానికి కనబడేలా తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు.

ఈ సంఘటనను ఎన్నోసార్లు విన్నాం, ఎన్నో ప్రసంగాల్లో చెప్పాం. మన సింగ్‌నగర్ సోదరుడి ప్రశ్న తర్వాత నాకు అందులో ఒక సంగతి కొత్తగా కనబడింది. ధాన్యాన్ని ఆ వ్యాపారి తడపలేదు. వాన తడిపింది. వాన పడినందుకు అతన్ని ఎవరూ నిందించలేదు. ధాన్యం తడిసిందని కూడా నిందించలేదు. అతను అబద్ధం కూడా చెప్పలేదు, అడిగితే నిజమే చెప్పాడు. తప్పు ఒక్కటే. పొడి గింజలు పైన, తడి గింజలు అడుగున ఉన్నాయి. చూసేవాడి కన్ను పొరపడేలా కుప్ప ఉంది.

మునిగిన బండి సంగతీ ఇంతే. వరద అతని తప్పు కాదు. బండి దెబ్బతినడం అతని పాపం కాదు. "వాళ్లు అడగలేదు కదా" అన్న మాటకు ఈ హదీసులోనే జవాబుంది. ఆ ధాన్యం కొనడానికి వచ్చినవాళ్లు కూడా "లోపల తడి ఉందా" అని అడిగి ఉండరు. అడగకపోయినా కనబడేలా పెట్టడం అమ్మేవాడి బాధ్యత. ముస్లిం తన సోదరుడికి లోపమున్న వస్తువును ఆ లోపం చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదన్న భావం గల హదీసును హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. అది ఇబ్నె మాజాలో ఉంది.

ఇక్కడ చదువుకున్నవారు ఒక సందేహం లేవనెత్తవచ్చు. "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను, తర్వాత ఏ లోపం బయటపడినా నాకు సంబంధం లేదు" అని షరతు పెట్టి అమ్మితే హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ బేరం చెల్లుతుంది కదా అని. నిజమే, చెల్లుతుంది. ఆ షరతుకు ఒప్పుకున్న కొనుగోలుదారుడు లోపం పేరు చెప్పి సరుకు తిరిగి ఇచ్చే హక్కును (ఖియారె ఐబ్) వదులుకున్నట్టే. కానీ బేరం చెల్లడం వేరు, మనిషి పాపం నుంచి బయటపడటం వేరు. తెలిసిన లోపాన్ని పాలిష్ కింద దాచి, పైన షరతు మాట చెప్పడం ఆ ధాన్యం కుప్పను మళ్లీ పేర్చడమే. ఖాజీ ముందు గెలిచినవాడు అల్లాహ్ ముందు కూడా గెలిచాడని అనుకోకూడదు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) బట్టల వ్యాపారి అన్న సంగతి మీకు తెలుసు. ఆయన వ్యాపార భాగస్వామి ఒకసారి లోపమున్న బట్టను ఆ లోపం చెప్పడం మరచిపోయి అమ్మేశాడు. కొన్నవారెవరో తర్వాత ఆచూకీ దొరకలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. మరచిపోయినందుకే ఆయన అంత భయపడ్డారు. మరి గుర్తుండి చెప్పకపోతే?

నేను "తఖ్దీర్" అన్న రోజు

సోదరులారా! అమ్మే రోజు జీవితంలో ఎప్పుడో ఒకసారి వస్తుంది. దాచడం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. రోజూ నడిపే బండిలోని లోపాన్ని మనం మననుంచే దాచుకుంటాం. ఈ మాట ఇతరులను ఉద్దేశించి చెప్పే అర్హత నాకు లేదు. నాకు జరిగినదే చెబుతాను.

నా దగ్గర ఉన్నది పాత బండి. మూడేళ్ల క్రితం దాని వెనక బ్రేకు కొన్ని వారాలపాటు గీరుమంటూ శబ్దం చేసింది. పాఠాలు, ప్రయాణాలు, జలసాలు అంటూ వాయిదా వేశాను. ట్యాంకు మాత్రం ప్రతి శుక్రవారం తుడిచేవాణ్ణి. ఒక వానరోజు ఏలూరు రోడ్డు మీద వెళుతుంటే ఒక పెద్దావిడ సంచి పట్టుకుని రోడ్డు దాటుతోంది. బ్రేకు తొక్కాను. బండి ఆగాల్సిన చోట ఆగలేదు. ఆమె కింద పడింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆస్పత్రికి తీసుకువెళ్లాను, ఖర్చు భరించాను. ఆమె కొడుకు వచ్చినప్పుడు, "ఏం చేస్తాం భాయ్, తఖ్దీర్" అన్నాను. అతను మంచివాడు, ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం "చూసుకుని నడపాలి నాయనా" అంది.

మర్నాడు గవర్నర్‌పేటలో ఒక సందులో ఉన్న మెకానిక్కు దగ్గరకు బండి తీసుకువెళ్లాను. అతను వెనక చక్రం విప్పక ముందే డ్రమ్ము పక్కనున్న చిన్న బాణం గుర్తు చూపించాడు. బ్రేకు తొక్కినప్పుడు ఆ బాణం గీత దాకా వస్తే షూలు అరిగిపోయినట్టు లెక్క. "ఇది గీత దాటి ఎన్నాళ్లయిందో సాయిబు గారూ! బండి ముందు నుంచీ చెబుతానే ఉందిగా" అన్నాడు. అతనికి నేను "తఖ్దీర్" అన్న సంగతి తెలియదు. కానీ ఆ మాటతో నా చెంప మీద కొట్టినట్టయింది.

తఖ్దీర్ పట్ల విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. అయితే దాన్ని మన అశ్రద్ధకు ముసుగుగా వాడుకునే అధికారం మనకు ఎవరిచ్చారు? హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని కబురు అందింది. ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ ఒక విధి నుంచి ఆయనదే మరొక విధి వైపుకు వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు ఉంటే ఒంటెను ఎటు తోలినా అల్లాహ్ విధి ప్రకారమే తోలినట్టని వివరించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. అరిగిన షూలతో వెళ్లినా తఖ్దీరే, షూలు మార్చి వెళ్లినా తఖ్దీరే. రెండింటిలో ఏది ఎంచుకున్నావన్న లెక్క మాత్రం నిన్నే అడుగుతారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్న ప్రవక్త (స) బోధన (తిర్మిజీ) కూడా ఇదే నేర్పుతోంది.

"నాకు ఆ ఉద్దేశం లేదు" అన్న మాట కూడా పూర్తిగా విడుదల చేయదు. పొరపాటున ఒక ప్రాణం పోతే దానికి పరిహారాన్ని (దియత్), ప్రాయశ్చిత్తాన్ని (కఫ్ఫారా) ఖుర్ఆన్ సూరయె నిసాలో విధించింది. బానిసకు విముక్తి కల్పించే వీలు లేకపోతే రెండు నెలలు వరుసగా ఉపవాసాలుండాలి. ఉద్దేశం లేకుండా జరిగినదానికే ఇంత బరువుంది. మన దేశంలో 2022లో ఒక్క సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది. వారిలో వంద మందికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. అన్ని ప్రమాదాలూ అరిగిన బ్రేకుల వల్ల జరిగాయని నేననను. కానీ వాటిలో ఒక్కటైనా నా బండి బాణం గుర్తు దగ్గర మొదలవకుండా చూడటం నా చేతిలో ఉంది.

బండికి హక్కుందా?

జంతువుల విషయంలో మన ధర్మం ఎంత గట్టిగా హెచ్చరించిందో తెలిసిందే. కడుపు వీపుకు అంటుకుపోయిన ఒక ఒంటెను చూసి, ఈ నోరులేని జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని ప్రవక్త (స) ఆదేశించారు. నిలబెట్టిన పశువు వీపును వేదికలా వాడుకుని దాని మీదే కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని వారించారు. ఈ రెండు హదీసులూ అబూ దావూద్‌లో ఉన్నాయి.

మరి మోటార్ సైకిల్ సంగతేమిటి? దానికి ప్రాణం లేదు, ఆకలి లేదు, నొప్పి లేదు. కాబట్టి ఒంటెకు ఉన్న హక్కు దానికి ఉందని చెప్పలేం. అలా చెబితే పోలిక దారి తప్పుతుంది. బండి తనకోసం ఏమీ అడగదు. కానీ దాని చుట్టూ ముగ్గురి హక్కులున్నాయి. మొదటిది, దాన్ని మనకు లోబరచిన అల్లాహ్ హక్కు. వాహనమెక్కేటప్పుడు మనం చదివే దుఆలో, దీన్ని వశం చేసుకునే శక్తి మాకు లేకపోయినా నీవే లోబరచావని ఒప్పుకుంటాం. రెండోది, వెనక సీటులో కూర్చునేవారి హక్కు. భార్య, ముందు ట్యాంకు మీద కూర్చునే బిడ్డ, దర్గా దాకా దింపమని అడిగే అమ్మీజాన్ వీరందరూ టైరు ఎంత అరిగిందో చూసి ఎక్కరు. మన ముఖం చూసి ఎక్కుతారు. వారి ప్రాణాలు ఆ కాసేపు మన దగ్గర అమానత్. మూడోది, రోడ్డు మీద నడిచేవారి హక్కు. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని ప్రవక్త (స) బోధించారు. బ్రేకు లేని బండి దారిలో పడి ఉన్న ముళ్లకొమ్మ కంటే ప్రమాదకరమైనది. పైగా అది కదులుతూ మనుషుల మీదికి వస్తుంది.

పొడిగా మిగిలిన మడమలు

శుభ్రతను విశ్వాసంలో సగభాగంగా ప్రవక్త (స) పేర్కొన్నారు. కాబట్టి బండి కడగడం తప్పెలా అవుతుంది? అయితే ఉజూ విషయంలో ఒక సంఘటన గుర్తుంచుకోవాలి. కొందరు సహాబాలు హడావిడిగా ఉజూ చేస్తుంటే వారి మడమలు తడవకుండా మిగిలిపోయాయి. ఆ మడమలకు నరకాగ్ని ముప్పు ఉందని ప్రవక్త (స) గొంతెత్తి హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). ముఖం అందరికీ కనబడుతుంది, ఎవరూ మరచిపోరు. మడమ వెనక ఉంటుంది. మన బండ్లకు కూడా ముఖం ఉంది, మడమలున్నాయి. ట్యాంకు ముఖం. బ్రేకులు, చైను, టైర్లు, వెనక లైటు మడమలు.

అందుకే వారానికి ఒక్కసారి, గురువారం అసర్ తర్వాతనో శుక్రవారం ఉదయమో, ఒక అరగంట కేటాయించుకోండి. బండి నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడండి. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. టైరు గాళ్లల్లో అక్కడక్కడ చిన్న అడ్డకట్టలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే. చైనును మధ్యలో వేలితో పైకి, కిందికి ఆడించండి. మామూలుగా రెండు, మూడు సెంటీమీటర్ల వదులు ఉంటుంది. అంతకంటే వేలాడితే బిగించాలి, మరీ బిగుతైతే వదులు చేయాలి. దుమ్ము తుడిచి నూనె వేయండి. బండిని సెంటర్ స్టాండు మీద నిటారుగా నిలబెట్టి ఆయిల్ మట్టం చూడండి. బ్రేకు తొక్కి ఆ బాణం గుర్తు చూడండి. పక్కవాణ్ణి పిలిచి వెనక లైటు వెలుగుతోందేమో అడగండి. ఇందులో దేనికీ మెకానిక్కు అవసరం లేదు. కళ్లు, ఓపిక ఉంటే చాలు.

కడిగేటప్పుడు ఇంజిన్ చల్లారనివ్వాలి. పెద్ద ప్రెషర్‌తో నీళ్లు కొడితే చక్రాల ఇరుసుల్లోకి, వైరింగ్‌లోకి నీరు చేరుతుంది. మునక ఇచ్చిన నష్టాన్నే కొద్దికొద్దిగా మనమే ఇచ్చుకున్నట్టవుతుంది. ఒకటి, రెండు బకెట్లు, మెత్తని గుడ్డ సరిపోతాయి. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండే నీటితో ఉజూ చేసేవారు. ఆయన అనుచరులం బండికి గంటసేపు పైపు వదిలేయడం బాగుంటుందా? కడిగాక తుడిచి ఆరనివ్వాలి. బయలుదేరగానే నెమ్మదిగా వెళుతూ బ్రేకులు రెండు, మూడుసార్లు నొక్కి తడి పోగొట్టాలి. అసలు కడగడంలో ఉన్న మేలు మెరుపు కాదు. చేత్తో తుడుస్తూ పోతే వదులైన బోల్టు తగులుతుంది, ఆయిల్ కారుతున్న చోటు కనబడుతుంది, టైరు పగులు బయటపడుతుంది. లోపాన్ని బయటపెట్టే శుభ్రత ఇబాదత్‌కు దగ్గరగా ఉంటుంది. లోపాన్ని కప్పే శుభ్రత మోసానికి దగ్గరగా ఉంటుంది. గుడ్డ ఒకటే, చేయి ఒకటే, ఉద్దేశం వేరు.

మరొక మాట. ఒక బండి నుంచి దించే పాత ఆయిల్ సుమారు ఒక లీటరు. దాన్ని కాలువలో పారబోసే అలవాటు కొందరికుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు విజయవాడ దాటాక ఎండిపోవు. డెల్టా పొలాలకు పారతాయి, ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులను నింపుతాయి. మన ఇంటి ముందు శుభ్రం చేసుకుని దిగువ ఊరివాళ్ల బిందెలో మురికి కలపడం శుభ్రత కాదు. ఆ ఆయిల్‌ను డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవారికి చేర్చే మెకానిక్కుకు ఇవ్వండి.

వాడకుండా ఉంచినప్పుడు

మన ఇళ్లలో మరొక పరిస్థితి ఉంది. పెద్దలు హజ్‌కు వెళితే సుమారు 40 రోజులు, అబ్బాయి గల్ఫ్‌కు వెళితే రెండేళ్లు బండి మూల పడి ఉంటుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ట్యాంకు నింపి పెట్టాలి. ఖాళీగా ఉంటే లోపలి తేమకు ఇనుము తుప్పు పడుతుంది. బ్యాటరీ వైరు తీసేయాలి. సెంటర్ స్టాండు మీద నిలబెట్టాలి. గాలి ఆడే గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పట్టా బిగిస్తే లోపల చెమ్మ చేరుతుంది. సైలెన్సర్ మూతిని గుడ్డతో మూసి, మళ్లీ నడిపే రోజు తీయడం మరచిపోకూడదు. లోతట్టు వీధుల్లో ఉన్నవారు వానాకాలంలో బండిని ఎత్తైన చోట పెట్టాలని వరద మనకు నేర్పింది.

అయితే దీర్ఘకాలం బండి దాచుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. మామూలు అవసర వస్తువులను సైతం ఇతరులకు ఇవ్వని వారిని సూరయె మాఊన్ ఖండించింది. ఇంటి పక్కనే పని కోసం రోజూ నడిచివెళ్లే తమ్ముడో మేనల్లుడో ఉంటే, లైసెన్సు ఉన్న బాధ్యతగలవాడైతే, బండి అతనికిచ్చి వెళ్లడం మంచిది. బండీ పాడవదు, పుణ్యమూ దక్కుతుంది. తీసుకున్నవాడు కూడా గుర్తుంచుకోవాలి. అరువు వస్తువు అమానత్. దాని ఆయిల్, చైను తన సొంత బండికంటే శ్రద్ధగా చూసి తిరిగి ఇవ్వాలి. ఇచ్చేవాడు కూడా బ్రేకు సంగతి, టైరు సంగతి దాచకుండా చెప్పి తాళం ఇవ్వాలి.

నష్టం ఎవరు మోయాలి?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న మిగిలింది. "హజ్రత్, మీరు చెప్పడం తేలిక. రోజు కూలీ మీద బతికేవాడికి 10,000 రూపాయలు తగ్గడమంటే మూడు నెలల అద్దె" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? ఆ మాటను తేలిగ్గా తీసేయను. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరి మీదా మోపడు. ఒకేసారి అన్నీ బాగు చేయించలేనివాడు ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, లైట్లు చూసుకోవాలి. మెరుపు పని చివరికి మిగిలినా పరవాలేదు. పాలిష్‌కు డబ్బుండి బ్రేకు షూలకు లేదన్నవాడి సాకు మాత్రం అల్లాహ్ దగ్గర నిలుస్తుందా?

అమ్మకం విషయంలో మాత్రం నష్టాన్ని తప్పించే మార్గం నాకు కనబడలేదు. వరద ఒక నష్టం తెచ్చింది. ఆ నష్టం ఎవరో ఒకరు మోయాలి. పాత బండి కొనడానికి వచ్చేది ఎవరు? ధనవంతుడు కొత్తది కొంటాడు. పాతది కొనేవాడు పేపర్లు వేసే కుర్రాడో, కూరగాయలు అమ్మేవాడో, మరొక పేదవాడే. మన నష్టాన్ని చీకట్లో అతని భుజం మీదికి జార్చి, "అల్హందులిల్లాహ్, బయటపడ్డాను" అనుకుంటే అది సహనం కాదు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచిపెడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు (బుఖారీ, ముస్లిం) చెబుతోంది. బర్కత్ రూపాయల్లో లెక్కకు రాదు. తగ్గిన 10,000 లెక్కకు వస్తుంది. కనబడే దానికోసం కనబడని దాన్ని వదులుకుంటామా అన్నదే విశ్వాసికి పరీక్ష.

ఆ సోదరుడు నెల తర్వాత మళ్లీ కలిశాడు. ఒక కాగితం మీద రాసి సి బుక్కుతో కలిపి కొనేవాడి చేతికిచ్చానన్నాడు: "2024 సెప్టెంబర్‌లో నాలుగు రోజులు మునిగింది. ఇంజిన్ విప్పించాను. వైరింగ్ కొంత మార్చాను. చక్రాల బేరింగులు మార్చలేదు." కొనేవాడు చదివి, కాసేపు ఆలోచించి, రేటు తగ్గించి తీసుకున్నాడట. ఎంతకు అమ్మావని నేను అడగలేదు. బేరింగులు ముందుగా మార్చుకోమని అతనికి చెప్పాను అన్నాడు. అది విని నా మనసు కుదుటపడింది.

ఈ శుక్రవారం బండి కడిగేటప్పుడు ఒక్కసారి వంగి ఆ బాణం గుర్తు చూడండి. అల్లాహ్ మనకు కనబడే శుభ్రతతో పాటు కనబడని శుభ్రతను ప్రసాదించుగాక! మన చేతుల వల్ల, మన వాహనాల వల్ల ఎవరికీ హాని కలగకుండా కాపాడుగాక! ఆమీన్.